ఎడారి ఫోటోల కాగితం మీద రమణమ్మ ముఖం

కువైట్‌లో ప్రకృతి దృశ్యాలు తీయడానికి వెళ్ళేవాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. 1990 ఆగస్టుకు ముందు నేను అక్కడ ఏడాదిపాటు ప్రతి శుక్రవారం కెమెరా పట్టుకుని తిరిగానని మా మనవరాలు అందరికీ చెబుతుంది. వాళ్ళ మొదటి ప్రశ్న బాగానే ఉంటుంది. ఏ నెలలో వెళ్ళాలి, ఎన్ని గంటలకు వెలుగు బాగుంటుంది అని అడుగుతారు. రెండో ప్రశ్నకే ఒళ్ళు మండుతుంది. "యుద్ధం ఫోటోలు ఏమైనా ఉన్నాయా అండీ?" లేవు. పొరుగు దేశం సైన్యంతో వచ్చి తెల్లవారేసరికి ఒక దేశాన్ని మింగేసింది, నిజమే. అంతమాత్రాన ఆ నేలకు తగలబడటం తప్ప మరో ముఖమే లేదన్నట్టు మాట్లాడితే నేను ఊరుకోను. అందుకే ఆ ఏడాది గురించి, అది ముగిసిన రోజు చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను.

అప్పట్లో నేను ఒక భారతీయ పాఠశాలలో భూగోళం చెప్పేదాన్ని. మా వారు ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేవాళ్ళం. శుక్రవారం తెల్లవారకముందే మా పాత కారులో బయల్దేరితే ఆరో రింగు రోడ్డు మీదుగా గంటలోపే జహ్రా చేరేవాళ్ళం. అక్కడినుంచి ఉత్తరంగా వెళ్ళి ముత్లా గట్టు ఎక్కితే, కింద ఉప్పు తేలిన నేల, దాని అవతల పలచటి నీలంగా అఖాతం. వానలు సరిగ్గా పడిన ఏడు మార్చి చివర్లో అర్ఫజ్ పొదలు పసుపు పూలతో నిండిపోతాయి. ఎడారి అంటే ఒకే రంగు అనుకునేవాళ్ళు ఆ నెలలో వెళ్ళి చూడాలి. ఎనిమిది దాటితే వెలుగు చదునైపోతుంది, కెమెరా మూసేయాలి. నాకున్నది వెడల్పు దృశ్యాలకు పనికొచ్చే లెన్సు ఒక్కటే. మనుషులు అడ్డొస్తే వాళ్ళు దాటిపోయేదాకా ఆగేదాన్ని. ఫిల్ములు స్నానాలగదిలో చీకట్లో నేనే కడిగి, ఎర్ర బల్బు వెలుగులో కాగితం మీద ముద్రించేదాన్ని. ఏడాది ఖర్చు పెట్రోలుతో కలిపి నూట నలభై రెండు దినార్లు. డిసెంబరులో బడి హాల్లో ప్రదర్శన పెట్టాలని పెద్ద సైజు ఫోటో కాగితం ఒక పెట్టె కొని దాచాను.

ఆగస్టులో ఆ పెట్టెకు వేరే పని పడింది. సల్వాలో ఒక ఇంట్లో పిల్లకు నేను ట్యూషన్ చెప్పేదాన్ని. ఆ ఇంట్లో పనిచేసే రమణమ్మది రాయచోటి దగ్గర పల్లె. యజమానులు వేసవికి విదేశం వెళ్ళారు. దండయాత్ర వచ్చింది. రమణమ్మ పాస్‌పోర్టు వాళ్ళ లాకర్‌లో ఉండిపోయింది, తాళం వాళ్ళతో పోయింది. ఆమె ఎవరిదో కూరగాయల వ్యానులో మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మామా మంచిదే టీచరమ్మా. బద్రంగా ఉంటాదని లోపల పెట్టింది" అంది. ఇంటి యజమానురాలిని ఆమె అలాగే పిలిచేది.

"ఎవరికి భద్రం?" అన్నాను. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. మనిషి వీధిలో, ఆమె పేరున్న పుస్తకం ఇనప్పెట్టెలో!

పాస్‌పోర్టు లేని భారతీయులకు సాల్మియాలో ఒక బడి వరండాలో మన ఎంబసీవాళ్ళు ప్రయాణానికి తాత్కాలిక కాగితం రాసి ఇస్తున్నారని తెలిసింది. దానికి ఫోటో కావాలి. ఫోటో స్టూడియోలన్నీ మూతబడ్డాయి, కొన్నింటిని దోచేశారు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి సాల్మియానుంచి బస్రాకు మేం వెళ్ళాల్సిన బస్సు ఉంది, తలకు ముప్ఫై దినార్లు. బస్సు కుదిర్చింది మా పై అంతస్తులో ఉండే అమలాపురం ఆయన. ఆయన ముందే తేల్చేశాడు.

"ముందర ఫామిలీలండీ టీచరు గారూ. పనివాళ్ళకి తర్వాత బస్సు చూద్దారండి."

"తర్వాత బస్సు ఎప్పుడు?"

"అది పైవాడికే తెలియాలండి."

"అయితే పైవాడు చెప్పేదాకా మీరు ఆగండి. ఆవిడ డబ్బు ఇస్తోంది, ఈ బస్సులోనే వస్తుంది."

"కాగితం లేకపోతే సరిహద్దులో బస్సంతా ఆపేస్తారండీ బాబూ. నాలుగింటికి కాగితం చూపిస్తే సీటు, లేదంటే లేదండి. ఆ కెమెరా కూడా వద్దండోయ్, అందర్నీ దింపేస్తారు" అన్నాడు. కెమెరా సంగతి సబబే కనుక ఒప్పుకున్నాను.

మర్నాడు అయిదున్నరకు రమణమ్మను మేడ మీద నిలబెట్టి ఫోటో తీశాను. సముద్రపు రోడ్డు మీద సైనికులు కందకాలు తవ్వుతున్నారు, కనుక పని రెండు నిమిషాల్లో ముగించాను. ఫిల్ము కడిగి, దాచిన కాగితం కత్తిరించి, దానిమీద ఫోటో ముద్రించి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టేసరికి ఎనిమిదయింది. రమణమ్మ దాన్ని వెలుగుకు పెట్టి చూసింది.

"ఏంది టీచరమ్మా, నన్ను చీమ మాదిరి తీస్తివే! ఇంత ఆకాశం నాకేల?"

చేతివాటం అలాంటిది. ఏడాదంతా కింద మూడో వంతు నేల, పైన ఆకాశం పెట్టిన చెయ్యి ఆ రోజూ అలాగే పెట్టింది. ముఖాన్ని పెద్దది చేయబోతే ఇసుక చల్లినట్టు మసకబారింది. చేసేది లేక అదే పట్టుకుని దారిలో మూడు తనిఖీలు దాటి పదింటికి సాల్మియా చేరాం. బల్ల దగ్గర కూర్చున్నాయన ఫోటో తిప్పి చూసి, "సముద్రం బాగా వచ్చింది మేడమ్. మనిషి ఏది?" అన్నాడు. వెనకాల వరుసలో నవ్వులు. ఆయన అన్నది న్యాయమే, అయినా నవ్వినవాళ్ళను ఒక్కొక్కరినీ చూసి మరీ వచ్చాను.

ఇంటికొచ్చి గోడకు దుప్పటి కట్టాం. ఈసారి ముఖం నిండుగా రావాలని జానెడు దూరంలోకి వెళ్ళి తీశాను. ఆ లెన్సుతో అంత దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అది నాకు తెలుసు, కానీ వేరే లెన్సు లేదు. రమణమ్మ చూసి, "ముక్కు మా నాయనదేలే, పోనీ" అంది. ఈలోపు మా భవనంలో ఉన్న ఇంకో ఆరుగురు పనివాళ్ళు వచ్చి నిలబడ్డారు. ప్రదర్శన కాగితమే కత్తిరించి అందరివీ తీసి ఇచ్చాను. కెమెరా, నెగటివులు పిండి డబ్బాలో పెట్టి ఇంటికి తాళం వేశాను. మళ్ళీ సాల్మియా చేరి కాగితం మీద ముద్ర వేయించేసరికి మూడున్నర దాటింది. అమలాపురం ఆయన ఆ ఫోటోను చూసి, ఆమెను చూసి, "ఏదోలెండి, ఎక్కండి" అన్నాడు.

జహ్రా దాటి ముత్లా గట్టు ఎక్కుతుంటే నేను కిటికీ వదల్లేదు. నేను కాళ్ళు పెట్టడానికి కూడా వెనకాడిన పొదల మీదుగా టాంకుల చక్రాల గాట్లు. గట్టు అంచున, సరిగ్గా నేను నిలబడే చోట, ఒక ఫిరంగి. మా వారు నా చెయ్యి పట్టుకున్నారు. ఎవరి అనుమతితో వచ్చి తవ్వారు ఆ నేలను?

పొద్దు గుంకే వేళకు సరిహద్దు వచ్చింది. ఒక సైనికుడు బస్సెక్కి కాగితాలు చూస్తూ రమణమ్మ దగ్గర ఆగాడు. ఫోటో చూశాడు, ఆమెను చూశాడు. "ఇది నువ్వు కాదు. దిగు" అన్నాడు అరబ్బీలో. అమలాపురం ఆయన ముఖం పాలిపోయింది. నేను లేచి, "ఆ ఫోటో తీసింది నేను" అనబోయాను. మా వారు కొంగు పట్టి కూర్చోబెట్టారు. ఆ మాట అంటే కెమెరా ఎక్కడని అడుగుతాడు.

రమణమ్మ లేచింది. సైనికుడి ముఖానికి జానెడు దూరంలో తన ముఖం పెట్టింది.

"షూఫ్ బాబా, షూఫ్. ఇట్ల దగ్గిర్నుంచి చూడు. ఇప్పుడు కనపడ్తాండానా?"

సగం అరబ్బీ, సగం కడప. అతను వెనక్కి జరగబోతే ఆమె ఇంకాస్త ముందుకు జరిగి ముక్కు చూపించింది. అతను ఫోటో వంక, అంత దగ్గరలో ఉన్న ముక్కు వంక చూసి, ఆపుకోలేక నవ్వేశాడు. "ఖలాస్, యల్లా", అయిపోయింది పదండి అని కాగితం ఆమె ఒళ్ళో పడేసి దిగిపోయాడు. బస్సంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆరేళ్ళు ఆ దేశంలో అంట్లు తోమిన మనిషి, తానే తానని ఒక పరాయి సైనికుడికి నిరూపించుకోవాల్సి వచ్చింది.

బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా బొంబాయి చేరాం. రమణమ్మను కడప రైలు ఎక్కించి మేం మా ఊరు వెళ్ళాం. మిగతా ఆరుగురూ ఆ ఫోటోలతోనే తర్వాతి బస్సుల్లో బయటపడ్డారని ఆనక తెలిసింది. యుద్ధం ముగిశాక మా వారు తిరిగి వెళ్తే మా ఇంట్లో తలుపులు కూడా లేవు. ఏడాది పొడవునా తీసిన గట్లు, పూలు, ఉప్పు నేలలు అలా పోయాయి. అవి తిరిగి రావని నాకు తెలుసు. దోచుకున్నవాళ్ళను నేను క్షమించనూ లేదు. కానీ ఆ ఏడాది ఏం మిగిలిందని ఎవరైనా అడిగితే, ప్రదర్శన కాగితంలోంచి కత్తిరించిన ఏడు ముఖాలు సరిహద్దు దాటాయని చెబుతాను. నా పని అంతకంటే బాగా ప్రదర్శనకు పెట్టిన రోజు మరొకటి లేదు.

ఇక వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఫోటోలకు వెళ్ళినా, వంటపనికి వెళ్ళినా, మీ పాస్‌పోర్టును దాచిపెడతామని ఎంత మంచివాళ్ళు అడిగినా ఇవ్వకండి.