ఊదారంగు నిప్పుల పెట్టె

నిన్న సాయంత్రం దోమల బ్యాటు చిటపటమనగానే ఎగిరి కుర్చీ వెనక్కి దూకాను. మా ఆవిడ పడీపడీ నవ్వింది. మోటార్లు రివైండింగ్ చేసి బతికేవాడు దోమకు తగిలిన కరెంటుకు జడిస్తే నవ్వరా మరి! నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేశాను. కాదు, చదువే వీణ్ణి మానేసిందంటుంది మా అక్క. ఎవరు ఎవర్ని మానేసినా, కరెంటంటే నాకు భయం లేదనే అనుకునేవాణ్ణి, కిందటి వర్షాకాలం దాకా.

గుడివాడ పాతసామాన్ల కొట్లో ఒక చెక్కపెట్టె దొరికింది. పూర్వం ఎవరో డాక్టరు నొప్పులకు కరెంటు వైద్యం చేసిన పెట్టెట. లోపల మైనం పట్టించిన రాగి కాయిల్, పక్కనే కరెంటు పెడితే జుమ్మని అదిరే చిన్న రేకు. బందరులో నా షాపుకి తెచ్చుకుని, తెగిన తీగ అతికి, వార్నిష్ పూసి ప్లగ్గు పెట్టాను. కాయిల్ కొసన ఊదారంగు నిప్పుపోగులు లేచాయి. దగ్గర పట్టుకుంటే చాలు, తీగ లేకుండానే ట్యూబులైటు వెలిగింది! షాపంతా ముక్కు మండించే వాసన.

పక్కింటి మావయ్య చూడ్డానికి వచ్చారు. చుట్టరికం లేదు, పిలుపే. "ఏదిరా, ఆ ట్యూబు ఇలా తే," అన్నారు.

"షాక్ కొడుతుందేమో మావయ్యా."

"నీకే కొట్టనిది నాకేం కొడుతుందిరా?"

ఇచ్చాను. వెలిగింది. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్ళు తేలేశారు. ట్యూబు జారి భళ్ళుమంది, మనిషి బల్లమీదకు ఒరిగిపోయారు. షాకేమో, ముట్టుకుంటే నాకూ తగులుతుందేమో! చెయ్యి ముందుకు రాలేదు. పెట్టె మాత్రం జుమ్మంటూనే ఉంది. గుమ్మంలోంచి అత్తయ్య కేక వేశారు: "ఆపరా దాన్ని! ఆయన గుండెకి బ్యాటరీ పెట్టారు!"

ఆమధ్య గ్యాస్ ట్రబులని చెప్పి మావయ్య విజయవాడ వెళ్ళొచ్చింది అందుకన్నమాట. ఊళ్ళో తెలిస్తే నామోషీ అనుకున్నారట. ప్లగ్గు పీకేశాను. మణికట్టు పట్టుకుంటే నాడి దొరకలేదు. నా ఎదుట ఎన్నడూ మొగుడి పేరెత్తని అత్తయ్య, ఆయన బుగ్గలు తడుతూ పేరు పెట్టి పిలిచారు.

మావయ్య మెల్లిగా కళ్ళు తెరిచి, "ట్యూబు పగిలిందా?" అన్నారు.

ఆటోలో ఆసుపత్రికి పట్టుకెళ్ళాం. పెట్టె గోలకు బ్యాటరీ తికమకపడి పని ఆపిందనీ, ప్లగ్గు పీకగానే మళ్ళీ అందుకుందనీ డాక్టరు చెప్పారు. వరండాలో కూర్చున్నాం. "ఆ కాసేపూ నా గుండె కూడా ఆగిపోయిందత్తయ్యా," అన్నాను.

అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "యాభై ఏళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో నన్ను చూసి ఆగని గుండె, ఇన్నాళ్ళకి నీ డబ్బాని చూసి ఆగిందిరా!"