బావగారు పీకించిన చోక్

కక్ష ఉందా అంటే ఉంది. దాచను. మా ఆయన అన్నగారి మీద, ఇప్పటికీ ఉంది.

హిందీ మాట్లాడే చోట, హథ్‌ఖోజ్ అనే ఫ్యాక్టరీల పేటలో మా మామగారిది తీగ లాగే చిన్న ఫ్యాక్టరీ. మోటార్లు నడిపే డ్రైవ్ ప్యానెళ్లు కట్టేది నేను, మిగతా పెత్తనమంతా బావగారిది. ప్రతి డ్రైవ్‌కీ నేనో డీసీ చోక్ పెట్టేదాన్ని. ఇనుప దిమ్మకి రాగి తీగ చుట్టి ఉంటుంది, మహా బరువు. చుట్టూ ఇనుము కరిగించే కరెంటు కొలుములు కదా, మా లైన్లో కరెంటు పడుతూ లేస్తూ ఉంటుంది. లేచినప్పుడు అంతా ఒక్కసారే డ్రైవ్‌లోకి ఎగబడకుండా ఆపేది ఆ చోకే.

"ఏటమ్మా, దీని గుయ్యిమనే గోల?" అని బావగారు విసుక్కునేవారు. నేను జ్వరంతో ఇంట్లో పడుంటే ఓ డ్రైవ్‌లో దాన్ని తీయించేసి, ఆ చోట రాగి పట్టీ వేయించారు. వానల్లో ఓ రోజు కరెంటు పోయి వచ్చింది. డ్రైవ్ భగ్గుమంది.

"చోకా? అసలు పెడితే కదా! మర్చిపోయి నా మీదకి తోస్తోంది," అన్నారు మామగారి ముందు, కన్నార్పకుండా. దాన్ని తీసిన ఫిట్టరు పానాలు సర్దుకుని పక్కకి తప్పుకున్నాడు, పాపం, అతని ఉద్యోగం అతనిది. "కొన్నాళ్లు ఇంటిపట్టునుండమ్మా," అన్నారు మామగారు. నేను ఇంజనీరింగు చదివింది పప్పులో పోపు పెట్టడానికా?

ఆ చోక్ మా స్క్రాపు గుట్టలోనే దొరికింది. తుడిచి దాచాను. విశ్వకర్మ పూజ దాకా పళ్లు బిగబట్టి ఆగాను.

ఆ రోజు ఎవరూ పనిముట్టుతో పని చెయ్యరు, బొట్టు పెట్టి దండం పెడతారు. దాని ముందు అబద్ధమాడితే చెయ్యి పడిపోతుందని మా ఫిట్టర్ల నమ్మకం. పానాలకీ సుత్తులకీ మధ్య చోక్‌ని కూర్చోబెట్టి బంతిపూల దండ వేశాను. బావగారు వరసగా కుంకుమ పెడుతూ వచ్చి దానికీ పెట్టారు. దండం కూడా పెట్టేశారు! అప్పుడు ఫిట్టరు వైపు తిరిగి, "భయ్యా, యే క్యా హై?" అన్నాను.

అతని చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. "డ్రైవ్ వాలా చోక్, దీదీ. సాబ్ నే నికల్‌వాయా థా."

డ్రైవ్‌లోని చోకేనట, సాబ్ తీయించారట; సాబ్ అంటే బావగారే. మామగారు విన్నారు. బావగారి మొహాన నెత్తురు చుక్క లేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

"రేపట్నుంచి రామ్మా," అన్నారు మామగారు. వస్తాను గానీ కొత్త డ్రైవ్‌కి ఆ చోక్ తిరిగి బిగించేది బావగారేనన్నాను.

మర్నాడు ఆయన మోకాళ్ల మీద కూర్చుని పానా తిప్పుతుంటే, నేను ఎదురుగా కుర్చీ వేయించుకున్నాను. బోల్టు అప్పటికే పూర్తిగా బిగిసిందని, ఇక తిప్పక్కర్లేదని నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇంకొంచెం, బావగారూ," అన్నాను.