రాహేలమ్మ మేడమ్ సంచుల తనిఖీ

మా హెడ్మిస్ట్రెస్ రాహేలమ్మ గారికి ఒకటే పిచ్చి. బడి గేటు దాటే ఏ సంచినీ విప్పి చూడనిదే వదలరు.

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఉన్న ఆ హైస్కూల్లో నేను లెక్కల మాస్టారిని. చేరిన రోజే గేటు దగ్గర నా క్యారియర్ మూత తీసి, "దోసకాయ పప్పా సార్? ప్రమాదమేం లేదు, పోండి" అన్నారు.

మధ్యాహ్న భోజనానికి కూరగాయలు తెచ్చే చెంచయ్య గోనెసంచి కుమ్మరించి, వంకాయలు ఒక్కొక్కటే నొక్కి చూశారు.

"వంకాయలో బాంబు పెడతానా మేడమ్?" అని అతను మొత్తుకున్నాడు.

"పురుగులు పెట్టినావు గదా!"

ఆత్మకూరు నుంచి వచ్చిన అధికారినీ వదల్లేదు.

"నేను మీ పై ఆఫీసర్నమ్మా!"

"అయితే ముందు మీదే చూడాల సార్."

ఆయన బ్యాగులోంచి మైసూరుపాకు పొట్లం, షుగరు మాత్రలు బయటపడ్డాయి. "ఈ రెండూ కొట్టుకుంటాయి సార్, విడివిడిగా పెట్టండి" అన్నారు మేడమ్.

ఒక సోమవారం, తొమ్మిదో తరగతి రాజా సంచిలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పక్కనే ఉన్న నాకు పుస్తకాల మధ్య కొబ్బరికాయలు కొట్టే కత్తి కనపడింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడ మాత్రం చటుక్కున జిప్పు లాగేసి, "జిప్పు చెడిపోయిందిరా. నా రూములో పెట్టు, బాగుచేయిస్తా" అన్నారు. వెనక వరసలో నిలబడ్డ పిల్లలెవరికీ ఏమీ తెలియలేదు.

గదిలోకి రాగానే వాడు ఏడ్చేశాడు. "మురళీకృష్ణ వాళ్లు రోజూ బాత్రూముల వెనకాల తంతా ఉండారు మేడమ్. భయమేసి తెచ్చినా. పొడవాలని కాదు."

"భయంలోనేరా పొడిచేది" అంటూ ఆవిడ వాడి కళ్లు తుడిచారు.

వాడి తల్లి శీనమ్మను పిలిపించి కత్తిని ఆమె చేతికిచ్చారు. మురళీకృష్ణనూ వాళ్ల నాన్ననూ కూర్చోబెట్టి మాట్లాడారు. వాడు మొదట మొండికేసినా, చివరికి తల దించుకుని రాజాతో చెయ్యి కలిపాడు. ఆ రోజు నుంచీ ఇంటర్వెల్లో మేడమ్ కుర్చీ బాత్రూముల వెనక్కి మారింది. ఎవరడిగినా, "ఇక్కడ గాలి బాగుండాది" అనేవారు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

ఉండబట్టలేక అడిగాను: "అనుమానం వచ్చినోడి సంచి చూస్తే చాలదా మేడమ్? మీకు పిచ్చని ఊరంతా నవ్వుతోంది."

"ఒక్కడి సంచే చూస్తే వాడికి రౌడీ అని పేరొస్తాది సార్, చదువైపోయినా పోదు. అందరివీ చూస్తే నాకు పిచ్చిదని పేరు. ఏది నయం?"

అంటూనే ఆవిడ నా చేతిలోని హెల్మెట్ లాక్కుని, తిరగేసి లోపలికి తొంగి చూశారు.