ఆదివారం తెరవని చీరల పెట్టె

ఈరోజు మార్కాపురంలో ఒక బట్టల దుకాణం ముందు నిలబడితే కలరా ఉండల వాసన తగిలింది. నా ఈడు వాళ్ళకు గుర్తుందా ఆ వాసన? మా ఇంట్లో అది మంచం కింద ఉన్న రేకు పెట్టెలోంచి వచ్చేది. అందులో అమ్మ వ్యాపారానికి తెచ్చిన చీరలుండేవి. చంకలో చెల్లెలు, పొయ్యి మీద చారు, చాప మీద పరిచిన చీరలు. అమ్మ దుకాణమంతా ఆ ఒక్క గదిలోనే. ఆదివారం మాత్రం పెట్టె తాళం తీసేది కాదు. అది దేవుని దినం.

ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ ఆరాధనకని తన తెల్లచీర కట్టుకోబోతుంటే, కూలికి పోయే సుగుణమ్మ వచ్చింది. ఆరోజే ఆమె బాప్తిస్మం. తెల్లబట్టలతోనే నీళ్ళలో దిగాలి.

"నిన్న కూలి పొద్దుపోయినాక ఇచ్చినారక్కా. ఒక తెల్లచీర ఇయ్యి."

"ఈరోజు చీరలమ్మను సుగుణా."

"అట్లయితే బాప్తిస్మం ఇంకోసారి తీసుకుంటాలే" అని సుగుణమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

"యాడికి పోతావు? అమ్మనన్నా గానీ, ఇయ్యనన్నానా?" అంటూ అమ్మ తన చేతిలోని చీరే ఆమెకు ఇచ్చేసింది.

సహోదరులారా, ఆజ్ఞల గురించి గొంతు చించుకుని ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆజ్ఞ తప్పకుండా మనిషిని నిలబెట్టడం మాత్రం నేను మా అమ్మ దగ్గరే చూశాను.

బాప్తిస్మమిచ్చే దిగుడుబావి గట్టుకు అమ్మ ఇంట్లో కట్టుకునే పాత పచ్చచీరతోనే వచ్చింది. పాస్టరమ్మ నవ్వింది. "ఊరందరికీ చీరలమ్మేదానివి, నీకు తెల్లచీర కరువైందా వదినా?"

అమ్మ నీళ్ళలో ఉన్న సుగుణమ్మను చూస్తూ చెప్పింది. "నా చీర అదో, నాకంటే ముందే దిగింది వదినా."