మలుపు మీద మా అత్త నిలిపించిన రాయి

మా అత్త పోయింది. పాడేరు ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అప్పా, అత్త ఇంక నేదే" అన్నాడు. ఆవిడని చూడడానికే బయలుదేరి సాలూరు బస్టాండులో నిలబడి ఉన్నాను. బస్సు రాగానే తోసుకుంటూ ఎక్కాను. ఇంక తొందరేమీ లేదని ఎక్కాక తెలిసింది.

ఆవిడ మా నాన్న చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది ఆవిడే. అరకు లోయ పైనున్న మా కొండ ఊళ్లో అందరూ ఆవిడని "రాయి కాడి అత్త" అనేవారు.

ఆ రాయి మా పెద్దనాన్నది. ఆయన ఎయిర్‌ఫోర్సులో చేరాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన ఎక్కిన విమానం సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. మా కొండల్లో పోయినవాళ్ల పేర రాయి నిలుపుతారు. ఎక్కడ నిలపాలో పెద్దలకు తేలకపోతే, అప్పటికి చిన్నపిల్ల అయిన అత్త, "బస్సు మలుపు కాడ ఎయ్యండి. అక్కడినుంచి అంతా అగుపిస్తాది" అందట. ఘాట్ రోడ్డులో ఆ మలుపు నుంచి లోయ మొత్తం కనబడుతుంది. తర్వాతెప్పుడో మాజీ సైనికులు ఆ రాతి మీద పెద్దనాన్న పేరూ చిన్న విమానం బొమ్మా చెక్కించారు.

అత్తకి చదువు రాదు. అయినా నా వేలు పట్టుకుని ఆ అక్షరాల గాడుల్లో తిప్పేది. బడికి వెళ్లక ముందే నాకు వచ్చిన అక్షరాలు పెద్దనాన్న పేరులోవి.

మామిడికాయైనా, సామలైనా, కొత్తగా పండింది ముందు ఆ రాయి దగ్గర పెట్టాకే మేం తినాలి. ఆకలని నేను ఏడిస్తే, "ఆగవే గుంటా, పెద్దోడు ముందు తిన్నీ" అనేది.

ఒకసారి ఎవరో యాత్రికుడు రాతి మీద కాలు పెట్టి ఫోటో దిగుతున్నాడు. "కాలు తీయి బాబూ. మా అన్న" అంది అత్త. అతను కంగారుగా కాలు దించి, "ఇక్కడే పాతిపెట్టారా?" అని అడిగాడు.

"నేదు బాబూ. ఎక్కడా పెట్టనేదు."

తర్వాత మలుపు వెడల్పు చేసి వ్యూపాయింట్ కట్టారు. రాయిని జాగ్రత్తగా తీసి మళ్లీ పెడతామన్నారు. యంత్రం మట్టితో పాటు దాన్నీ లోయలోకి తోసేసింది. కాఫీ తోటలో పళ్లు కోస్తున్న అత్త కబురు విని పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. తమ్ముడూ నేనూ ఆఫీసుల చుట్టూ తిరిగాం. అక్కడ రాయి ఉన్నట్టే తెలియదన్నారు. ఊరి మగవాళ్లు తాళ్లు కట్టుకుని వాలులో వెతికారు. వానకి మట్టి జారుతుంటే వాళ్లని ఆపింది అత్తే. "ఒగ్గీయండి. ఇంకొకడు పోతే నాను సూడనేను" అంది.

ఆ ఏడాది నుంచి ఆవిడ కొత్త పంట ముట్టలేదు. ఇంటి ముందర ఇంకో రాయి నిలుపుదామన్నాను.

"ఆడు ఆ మలుపు కాడ ఉన్నాడని నమ్మీసినానమ్మా. ఇప్పుడు ఎక్కడున్నాడని నమ్మమంటావు?"

  అత్త పాత చోళ్ల అంబలి తాగుతూ చిక్కి సగమైంది. ఆసుపత్రిలో ఒంట్లో రక్తం లేదన్నారు. కిందటి వారం నేను వెళ్లి పండు ముక్క నోటిదాకా తీసుకెళితే తల తిప్పేసుకుంది. "నాకు ఎవరి మీదా కోపం నేదే. తినబుద్ధి అవదు" అంది.

నాన్న ఎప్పుడో పోయాడు. పెద్దనాన్న ముఖం ఎలా ఉండేదో తెలిసినవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఎవరూ లేరు.

అత్తని పాతిపెట్టిన మర్నాడు పొద్దున మలుపు దగ్గరికి వెళ్లాను. ఒక కుటుంబం ఫోన్ నా చేతికిచ్చి ఫోటో తీయమంది. తీశాను.

"వెనక లోయ పడిందాండీ?" అంది వాళ్లలో ఒకావిడ.

"లేదండీ, అంతా మంచు. మీరు మాత్రం పడ్డారు."

"చాల్లెండి" అని ఫోన్ తీసుకుంది.

వాళ్లు వెళ్లిపోయాక ఇనప కమ్మీ పట్టుకుని కిందికి చూశాను. మంచు కమ్మీ దాకా వచ్చి ఆగింది. అవతల తెల్లగా ఉంది, అంతే.