సల్సా నేర్చుకున్న నాలుగు వారాలు

పురిట్లో పాప పోయిన ఎనిమిదో నెలలో మా ఆయన నన్ను సల్సా క్లాసులో చేర్పించారు. అప్పటికి ఐర్లండ్ వచ్చి మూడేళ్ళయింది. ఆ ఎనిమిది నెలలూ మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోలేదు. డాన్సయినా నేర్చుకోండి, నాలుగు గోడల్లోంచి బయటపడతారు అని ఆస్పత్రిలో నర్సు చెప్పిందట. నాకు ఒళ్ళు మండింది. పిల్లని మట్టిలో పెట్టొచ్చి గెంతులా? అయినా వెళ్ళాను. రానంటే ఆయనతో వాదించాలి, ఆ ఓపిక కూడా లేదు.

చర్చి వెనక హాల్లో క్లాసు. "మగవాళ్ళ చెయ్యి ఎటు నడిపిస్తే అటు వెళ్ళండి, ఆలోచించకండి" అనేది నేర్పే ఆవిడ. వీపు మీద మా ఆయన చెయ్యి పడగానే నేను కొయ్యబారిపోయేదాన్ని.

"కొంచెం వదులుగా ఉండు" అనేవారు మెల్లగా.

"నా వల్ల ఇంతే అవుద్దండి."

జోడీలు మార్చినప్పుడు మాత్రం, ముక్కూమొహం తెలియనివాళ్ళతో అడుగులు చక్కగా పడేవి. అవతల జోడీలోంచి ఆయన అది చూస్తూనే ఉండేవారు.

ప్రతి ఆదివారం కొత్తపేట నుంచి అమ్మ ఫోన్ చేసేది. "మొదటి పురుడు పుట్టింట్లో పోసుకోవాలమ్మా. మన పద్ధతదీ. పలివెల గుళ్ళో మొక్కుకున్నాను కూడానూ. ఏం చేస్తాం, అల్లుడుగారు పంపించేరు కాదు" అనేది. నేను ఊఁ కొట్టేదాన్ని.

నాలుగో వారం నా వంతుకి డెబ్బై ఏళ్ళ పెద్దాయన వచ్చాడు. గిర్రున తిరగబోయి ఆయన కాలు తొక్కేశాను. మనవాళ్ళం కాలు తగిలితే ఏం చేస్తాం? వంగి, ఆయన బూటు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆలోచించి చేసింది కాదు, చిన్నప్పటి అలవాటు. పాపం ఆయన నేను కళ్ళు తిరిగి పడిపోయాననుకుని లేపడానికి వంగాడు. రెండు తలలూ ఠంగుమన్నాయి. పాట ఆపేశారు. ఒకరు కుర్చీ, ఒకరు నీళ్ళు, ఒకటే హడావిడి. అసలు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి, మా ఆయన, హాలు అవతల కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. అంతకన్నా ఘోరం, నాకూ నవ్వొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. పాప పోయాక అదే మొదటిసారి.

నవ్వు ఆగగానే నా మీద నాకే అసహ్యం వేసింది. అది నిమిషంలో కోపమై కూర్చుంది. కోటు కూడా వేసుకోకుండా బయటికొచ్చేశాను. ఆయన నా కోటు పట్టుకుని వెనకాలే వచ్చారు.

"నవ్వెలా వచ్చిందండీ మీకు? నన్ను పురుటికి మా ఊరు పంపించుంటే నా పిల్ల బతికేది. మీరే చంపేరు."

అన్నాను. అనేశాను. సన్నగా వర్షం పడుతోంది. ఆయన కోటు నా భుజాల మీద కప్పారు.

"ఆయ్" అన్నారు, ఔనన్నట్టు. "పద, తడిసిపోతున్నావు."

బస్సెక్కి ఇంటికొచ్చాం. మళ్ళీ ఆ హాలు మొహం చూడలేదు.

నేను కడుపుతో ఉన్నప్పుడు అమలాపురంలో డాక్టరమ్మతో మాట్లాడిపెట్టి, టికెట్టు తీస్తాను వెళ్ళమ్మా అని నెల రోజులు నా వెంట పడింది ఆయనే. ఆ ఉక్కపోతలో నేనుండలేను, ఇక్కడే కంటానని మొండికేసింది నేను. అమ్మ తిడుతుందని భయపడి, పంపనన్నది మీరేనని చెప్పండి అని ఆయన్ని బతిమాలిందీ నేనే. ఆ రోజు వర్షంలో ఆయన ఆ మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు.