సుజాత గారి ఏనుగు, నా కుళ్లు

పొదిలి దగ్గర మా ఊళ్లో మిరప కూలీల పిల్లలకి ఆర్నెల్లుగా సాయంత్రం పాఠాలు చెబుతున్నాను. శ్రమ, హక్కులు, దోపిడీ అంటూ కరపత్రాలు చదివి వినిపిస్తుంటే సగం మంది ఆవలిస్తారు. మా ఊరి బళ్లోకి కొత్తగా వచ్చిన టీచర్ సుజాత గారు ఈ రోజు నా పాఠాల పిల్లల దగ్గరికి ఒక పాత బొమ్మల పుస్తకం తెచ్చారు. అక్షరాల మీద కాగితం అంటించి, బొమ్మలు మాత్రమే చూపించి, "కథ మీరే చెప్పండి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. బొమ్మలతో లోకం మారుతుందా?

బొమ్మలో ఏనుగు తొండం ఎత్తి నిలబడింది. నా దగ్గర ఏనాడూ నోరు విప్పని మల్లిక లేచింది.

"ఏనుగు మా అమ్మతో పాటు మిరక్కాయల తొడిమలు తీసుద్ది టీచర్. ఘాటుకి గట్టిగా తుమ్ముద్ది. అమ్మని తిట్టే ఆసామి ఎగిరెళ్లి వాడరేవు సముద్రంలో పడతాడు!"

పిల్లలంతా ఒకటే చప్పట్లు. ఆర్నెల్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదా!

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వెప్పుడు అడిగావన్నా? అన్నీ నువ్వే చెప్తంటివిగా!"

సుజాత గారు నవ్వు కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. అసూయతో ఆవిడకి ఒక్క మంచిమాటైనా చెప్పకుండా వచ్చేశాను. మీ ఇళ్లలో పాత బొమ్మల పుస్తకాలుంటే పంపండి. ఆవిడకి కాదు, నాకు.